ముందు సీసా, తరువాత టీ

యిర్మియా మావయ్య ఇంట్లో టీ తాగాలంటే ముందు సీసా ఇవ్వాలి. ఖాళీ సీసా కాదు.

ఆయన పోర్ట్‌బ్లెయిర్ పెద్దాసుపత్రి ల్యాబులో మూత్రం పరీక్ష చేసే టెక్నీషియను. జంగ్లీఘాట్‌లో మా వీధి మలుపులో ఇల్లు. ఆదివారం తెలుగు చర్చి వదలగానే ఆ ఇంటి వరండాలో అందరికీ టీ. చర్చికి వెళ్ళినవాళ్ళకీ టీయే, నాలాగా ఆ వేళకి పక్కమీంచి లేచినవాళ్ళకీ టీయే. ఆయన భార్య ఎలీసబెత్తమ్మ అల్లం దంచి వేసి కాచిందంటే ఆ వాసన పడవలరేవు దాకా వెళ్ళేది. కానీ మెట్టు ఎక్కబోతుంటే మావయ్య చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"సీసా ఏదిరా?"

"మర్చిపోయాను మావయ్యా."

"అయితే టీ కూడా మర్చిపో."

ఈ నియమానికి మినహాయింపు లేదు. పాస్టరుగారికీ అంతే, పాలు పోసే రాముడికీ అంతే. కూతురు లీదియాని చూసుకోవడానికి పెళ్ళివారు వస్తే వాళ్ళకీ అంతే. పెళ్ళికొడుకు తండ్రి కుర్చీలో సర్దుకుని కూర్చోగానే ఆయన చేతిలో చిన్న సీసా పెట్టి, పెరటివైపు చూపించాడు మావయ్య. పెద్దాయనకి కోపం వచ్చింది. కండువా దులుపుకుని లేచాడు. ఆ పెళ్ళికొడుకు మాత్రం వాళ్ళ నాన్న చేతిలోంచి సీసా తీసుకుని పెరట్లోకి వెళ్ళొచ్చాడు. మావయ్య ఆ సీసాని దీపం వెలుతురులో పెట్టి చూసి, "ఈ సంబంధం ఖాయం" అన్నాడు. ఖాయమైంది కూడా. అల్లుడికి ఇప్పటికీ ఆ ఇంట్లో మొదటి కప్పు టీ దక్కుతుంది.

మావయ్య చెప్పగా చెప్పగా, పరీక్ష ఎలా చేస్తారో మా వీధిలో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. గాజుగొట్టంలో పరీక్షకి వాడే నీలిమందు పోయాలి. మూత్రం ఎనిమిది చుక్కలు వెయ్యాలి. స్పిరిట్ దీపం మీద మరిగించాలి. నీలంగానే ఉండిపోతే షుగరు లేదు. ఆకుపచ్చకి తిరిగితే కాస్త ఉంది, ల్యాబు చీటీలో వన్ ప్లస్. పసుపు, నారింజ దాటి ఇటుక రంగుకి వచ్చిందా, ఒంట్లో పంచదార గోదాము ఉన్నట్టే. మావయ్య లోకాన్నంతా ఈ రంగుల్లోనే చూసేవాడు. సముద్రం నిర్మలంగా ఉంటే "నార్మల్" అనేవాడు. సాయంత్రం సూర్యుడు దిగుతుంటే, "చూడు, ఇటుక రంగుకొచ్చేసినాడు. ఇంక ఇంజక్షన్ పడాల్సిందే" అనేవాడు. ఎలీసబెత్తమ్మ ఒక క్రిస్మస్‌కి నారింజ రంగు చీర కట్టుకుంటే, "ఏటే, త్రీ ప్లస్ చీర కట్టావు?" అన్నాడట.

"పెళ్ళైన కొత్తలో అందరి మొగుళ్ళూ మల్లెపూలు తెత్తారు. ఈయన సీసా తెచ్చాడు" అనేది ఆవిడ. "ఒకసారి స్పిరిట్ అయిపోయిందని నా కిరసనాయిలు పొయ్యి మీద పెట్టేశాడు బాబూ ఆ గొట్టం. ఆ పొయ్యి మీద మళ్ళీ నేను పాలు కాయలేదు."

ఆదివారం పొద్దున ఆ ఇంటి పిట్టగోడ చూడాలి. దగ్గుమందు సీసాలు, తలనూనె సీసాలు, సిరాబుడ్లు, పడవ నడిపే గవరయ్య తెచ్చే రమ్ము సీసాలు, అన్నీ బారులు తీరి ఎండలో బంగారంలా మెరుస్తుండేవి. కొత్తగా వచ్చిన ఒక కానిస్టేబులు ఆ దృశ్యం చూసి, దొంగసారా దొరికిందని సంబరపడిపోయాడు. సైకిల్ ఆపాడు. రమ్ము సీసా అందుకున్నాడు. మూత తీశాడు.

"క్యా మాల్ హై యే?" అని, ఇదేం సరుకని గర్జించాడు.

"మేరా హై సాబ్" అన్నాడు గవరయ్య వినయంగా.

కానిస్టేబులు గట్టిగా వాసన పీల్చాడు. ఆ తరువాత ఆయన బీటు మార్పించుకున్నాడని విన్నాను.

నా సంగతి చెప్పాలి కదా. నేను విశాఖపట్నంలో డిగ్రీ రెండో ఏడు మధ్యలో వదిలేసి ఓడెక్కి తిరిగొచ్చినవాణ్ణి. ఎందుకు వదిలేశావంటే, కూర్చోలేక. అంతకంటే పెద్ద కారణం లేదు. వచ్చాక సిప్పీఘాట్ తోటలో మొక్కలకి నీళ్ళు పెట్టాను, మానేశాను. డైరీ ఫార్మ్ అనే పేటలో ఒక కొట్లో కూర్చున్నాను. కూర్చోలేనని చెప్పాను కదా, అదీ మానేశాను. ఇప్పుడు పడవ ఇంజన్లు బాగుచేస్తాను. మనసులో మాట నోట్లో ఆగదు నాకు. మావయ్యతో మొదటిరోజే అన్నాను, "ఇది పిచ్చి మావయ్యా" అని.

"పిచ్చే" అన్నాడు ఆయన. "సీసా ఏది?"

ఆయన పరీక్ష ఎవరిముందూ చేసేవాడు కాదు. సీసాలన్నీ బుట్టలో పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. కూనిరాగం వినపడేది. కాసేపటికి పండగలాంటి మొహంతో బయటికి వచ్చి, "నీలం! అందరిదీ నీలమే! తాగండి, తాగండి" అని అరిచేవాడు. అప్పుడు టీ, దాంతోపాటు బొప్పాయి ముక్కలు.

ఆ బొప్పాయి గురించి వేరే చెప్పాలి. ఆ పెరట్లో ఒక బొప్పాయి చెట్టు ఉంది. చెట్టు అనకూడదు, ఓడ స్తంభం అనాలి. ఒక్కొక్క కాయ చంటిపిల్లంత. నేను సిప్పీఘాట్‌లో ఉన్నప్పుడు ఒక పండు పట్టుకెళితే అక్కడి మేస్త్రీ తిని కళ్ళు మూసుకున్నాడు. "ఏ ఎరువు వేస్తారో కనుక్కుని రారా" అని నన్ను తరిమాడు. వచ్చి అడిగాను.

"ఇంటి ఎరువేరా" అన్నాడు మావయ్య, ఎటో చూస్తూ.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఈ రాజ్యం కూలింది గణేశ్వరరావుగారి వల్ల.

గణేశ్వరరావుగారు రోడ్ల డిపార్టుమెంటులో ఓవర్సీరు. తన కళ్ళతో చూసి సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం, ఆయన స్వభావం కూడా. ఒక ఆదివారం వరండా నిండా జనం ఉండగా ఆయన మీసం దువ్వుకుని అన్నారు: "ఏటయ్యా యిర్మియా, నువ్వు లోపలికెళ్ళడం, నీలం అని అరుచుకుంటూ రావడం. మేం చూడొద్దా? ఇవాళ నాది నా కళ్ళముందు కాయి."

మావయ్య మొహంలో కంగారు కనపడింది. "ఎందుకు సార్, మీది నీలమే."

"చూడకుండానే చెప్తావేటి?"

జనం గోల పెట్టారు. తప్పక మావయ్య దీపం బయటికి తెచ్చి వెలిగించాడు. నీలిమందు పోశాడు, చుక్కలు వేశాడు. గొట్టం కుతకుతలాడింది. ఆకుపచ్చ అయింది. ఎవరో "అయ్యో" అన్నారు. పసుపు అయింది. నారింజ అయింది. ఇటుక రంగుకి వచ్చి ఆగింది.

"ఓవర్సీరు బాబు గొట్టంలో సూర్యుడు ములిగిపోనాడ్రా" అన్నాడు గవరయ్య.

గణేశ్వరరావుగారు నడవలేకపోయారు. నేనూ గవరయ్యా చెరోపక్కా పట్టుకుని ఇంటికి చేర్చాం. ఆయన దోమతెర దించుకుని పడుకుని, గోడవైపు తిరిగి, నీరసమైన గొంతుతో నన్ను పిలిచారు. "ఒరే అప్పలరాముడూ, నా సైకిలు నువ్వు తీసుకో. గొలుసుకి నూనె వేస్తుండు." నేను తీసుకున్నాను. మొహమాటం నా ఒంట్లో లేదు.

మర్నాడు ఆసుపత్రిలో మళ్ళీ పరీక్ష చేస్తే శుభ్రమైన నీలం. ఏమిటా అని ఆరా తీస్తే, ఆయన భార్య తవిటమ్మగారు ఆ పూటే ఖాళీ అయిన నన్నారి షర్బత్ సీసా కడక్కుండా ఆయన చేతికి ఇచ్చారు. గొట్టంలో మునిగిన సూర్యుడు షర్బతే.

సైకిలు ఆ సాయంత్రమే వెనక్కి పోయింది. కోపం మాత్రం పోలేదు.

"వీధిలో నా పరువు తీశాడు. రాత్రంతా చచ్చిపోయాన్రా నేను!" అని గణేశ్వరరావుగారు ఇంటింటికీ తిరిగారు. "ఇకమీదట ఈ వీధిలో ఒక్క సీసా ఆ ఇంటికి వెళ్ళకూడదు. బస్!"

వీధంతా పండగ చేసుకుంది. నిజం చెప్పాలంటే అందరూ ఎప్పటినుంచో ఎవరో ఒకరు ఆ మాట అనాలనే చూస్తున్నారు. మరుసటి ఆదివారం పిట్టగోడ మీద ఒక్క సీసా లేదు. వింత ఏమిటంటే, మావయ్య సీసా అడక్కుండానే అందరికీ టీ ఇచ్చేశాడు. ఎలీసబెత్తమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసింది.

ఆయన జోకులు ఆగిపోయాయి. సూర్యాస్తమయం అయితే అయిందన్నట్టు ఊరుకునేవాడు. డ్యూటీ నుంచి వచ్చి, ఎదురుగా ఉన్న ఎరుకమ్మ పిన్ని మిఠాయి కొట్టు దగ్గర నిలబడేవాడు.

ఎరుకమ్మ పిన్ని కాజాలు తినని ద్వీపవాసి లేడు. వాళ్ళ నాన్న భీమిలి వైపునుంచి వచ్చి పెట్టిన కొట్టు. పాకం తీగ వచ్చిందో లేదో ఆవిడ వేలితో చూసి చెప్పాల్సిందే. నల్లఫ్రేము కళ్ళద్దాలు ఉండేవి ఆవిడకి. ఎప్పుడూ నుదుటి మీదే, కళ్ళమీదికి దిగగా నేను చూడలేదు. మావయ్య ఆవిడ దగ్గర ఒక కాజా కొనుక్కుని, నసిగి, చిన్న గొంతుతో ఏదో అడిగేవాడు. ఆవిడ మాత్రం వీధంతా వినపడేలా అరిచేది:

"అందరూ ఇత్తే నానూ ఇత్తాను బాబూ! నానొక్కదాన్నీ ఎందుకిత్తాను?"

జనం పగలబడి నవ్వేవాళ్ళు. పాపం, సీసాల కోసం ముసలాడు అడుక్కుంటున్నాడని నేనూ నవ్వాను.

కొన్ని వారాలకి ఒక మధ్యాహ్నం కాజాల కోసం కొట్టుకి వెళ్ళాను. పిన్ని లేచి వస్తూ కుంటింది. కాలికి గుడ్డ కట్టి ఉంది. గుడ్డ మీద ఈగలు.

"ఏటది పిన్నీ?"

"ఏం లేదురా. రేవులో గవ్వ పెంకు గుచ్చుకుంది."

"ఎప్పుడు?"

"మొన్న... కాదులే, అటు మొన్నటి నెల."

"నెల కింద గుచ్చుకున్న పెంకుకి ఇప్పుడు ఈగలేంటి? నీకు షుగరుందా?"

చెప్పాను కదా, నా నోరు అంత. ఆవిడ చటుక్కున వీధిలోకి చూసి, నా చెవి పట్టుకుని కొట్టు వెనక్కి లాక్కుపోయింది. కోపంగా చూసింది. తరువాత పిండి బస్తా మీద కూలబడిపోయింది.

"ఎవరికైనా చెప్పావో, సలసల కాగే నూనెలో ముంచుతాను నిన్ను. షుగరున్నదాని చేతి మిఠాయి ఎవడు తింటాడురా? జబ్బు నా కాజాలోంచే వత్తందంటారు. మా నాయన పెట్టిన కొట్టు మూసుకోవాల."

"మావయ్యకి తెలుసా?"

"ముందు తెలిసింది ఆడికే. ఒకనాడు లడ్డూలు ఇద్దామని ఎల్లి ఒక చెంబు నీళ్ళు తాగి, ఇంకో చెంబు అడిగాను. అంతే, నా మొహంకేసి చూశాడు. బతిమాలి ఆసుపత్రికి తీసుకెళ్ళి డాక్టరమ్మకి చూపించాడు. బిళ్ళలు ఇచ్చింది. వీధిలో అడిగితే కళ్ళు చూపించుకున్నామని చెప్పాం. ఇదిగో, ఆ అబద్ధం నిలబెట్టడానికి ఈ అద్దాలు." నుదుటి మీంచి తీసి నా చేతికిచ్చింది. పెట్టుకుని చూశాను. ఉత్త గాజుపలకలు.

"వారం వారం మూత్రం చూస్తేగాని బిళ్ళ ఎంత వెయ్యాలో తెలీదన్నాడు. నాను ఒప్పుకోలేదు. ఒక్కదాన్నీ సీసా పట్టుకెళితే లోకానికి తెలిసిపోదా? ఆడిని వదిలించుకోడానికని ఒక మాట అన్నాను. 'ఈ వీధి వీధంతా సీసాలిత్తే, ఆటిలో కలిపి నాదీ ఇత్తాను పో' అన్నాను. ఎవడిత్తాడు? ఆడి పీడ వదిలిపోద్దనుకున్నాను." పిన్ని కళ్ళు తుడుచుకుంది, అప్పుడే నవ్వింది కూడా. "మరుసటి ఆదివారం ఆ వెర్రోడు బుట్ట పట్టుకుని ఇంటింటికీ బయల్దేరాడురా."

నేను ఆ ఉత్త అద్దాలు మళ్ళీ ఆవిడ నుదుటి మీదికి ఎక్కించాను.

"మరి ఇప్పుడు ఇచ్చెయ్ పిన్నీ. కాలు చూసుకో."

"వీధంతా ఇత్తే ఇత్తాను. మాట మాటే." ఆ బింకం నాకు అర్థమైంది. భయానికి అది ముసుగు. "బిళ్ళలు కూడా మానేశాను. ఒంట్లో బాగానే ఉంది."

ఆ కాలుతో బాగానే ఉందట.

ఆదివారం వచ్చింది. నేను ఒక పెద్ద సీసా నింపి, మూత బిగించి, పెళ్ళిలో బిందె పట్టుకున్నట్టు ఎదురుగా పట్టుకుని వీధి మధ్యలో నడిచాను. సరిగ్గా గణేశ్వరరావుగారు గుమ్మంలో పేపరు చదువుతున్న వేళకి.

"ఎక్కడికిరా అది?"

"మావయ్య ఇంటికి సార్."

"నేను వద్దన్నాను కదా?"

"మీరు భయపడ్డారు సార్. నాకు భయం లేదు."

"భయమా? నాకా?"

"ఆ రోజు నాకు సైకిలు రాసిచ్చేశారు కదా. ఈసారి ఇల్లు ఇచ్చేస్తారేమోనని తవిటమ్మగారే ఆపుతున్నారని వీధిలో అంటున్నారు."

వీధిలో ఎవరూ అనలేదు. కానీ ఆ మాటకి నాలుగిళ్ళ తలుపులు తెరుచుకుని తలలు బయటికి వచ్చాయి, నవ్వులు వినపడ్డాయి. గణేశ్వరరావుగారి మీసం లేచి నిలబడింది.

"తవిటమ్మా! సీసా!"

"ఏ సీసా అండీ?"

"షర్బత్‌ది తప్ప ఏదైనా!"

ఓవర్సీరుగారే సీసా పట్టుకుని నా వెనక నడుస్తుంటే ఇంకెవరు ఆగుతారు? "అరే, చలో చలో" అంటూ గవరయ్య రమ్ము సీసాతో వచ్చాడు. పాలు పోసే రాముడు వచ్చాడు. ముసలి గవరమ్మ మనవరాలి సిరాబుడ్డితో వచ్చింది. చర్చి వదిలి వస్తున్న పాస్టరుగారు ఈ ఊరేగింపు చూసి, తాను ఖాళీ చేతులతో ఉన్నందుకు సిగ్గుపడి ఇంటికి పరిగెత్తారు. పిట్టగోడ నిండిపోయింది. మావయ్య వరండాలో నిలబడి నోరు తెరిచి చూస్తున్నాడు.

నేను వెనక్కి తిరిగి ఎదురు కొట్టువైపు కేకేశాను. "పిన్నీ! వీధంతా ఇచ్చింది!"

కొట్టు తలుపు ఓరగా తెరుచుకుంది. తరువాత ఎరుకమ్మ పిన్ని కుంటుకుంటూ వచ్చి, బారు చివర చిన్న సీసా పెట్టింది. నావైపు మాత్రం నూనెలో ముంచే చూపు చూసింది.

మావయ్య లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ రోజు కూనిరాగం లేదు. స్పిరిట్ వాసన వచ్చింది. బయటికి వచ్చినప్పుడు ఆయన మొహంలో పండగ లేదు, గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"నీలం! అందరిదీ నీలమే! తాగండి!" అని అరిచాడు. తరువాత ఏదో గుర్తొచ్చినట్టు అటు తిరిగి, "ఎరుకమ్మా, నీ కళ్ళద్దాలు మార్చాలి. రేపు పొద్దున్నే ఆసుపత్రికి రా."

"వచ్చే వారం వత్తాలే."

"రేపే. అద్దాలు బాగా పాడైపోయాయమ్మా."

"పాపం, ఎప్పుడూ నుదుటిమీద పెట్టుకుంటే పాడవ్వవేటి?" అంది గవరమ్మ.

పిన్ని వెళ్ళింది. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంది, వీధి లెక్కలో కళ్ళకి ఆపరేషను. ఇంకొంచెం ఆలస్యమైతే కాలు తీసేయాల్సి వచ్చేదని డాక్టరమ్మ అందట. కట్టు విప్పాక రెండు కాళ్ళమీదా తిన్నగా నడుచుకుంటూ వచ్చి పొయ్యి వెలిగించింది. ఆదివారం సీసాలు మళ్ళీ మామూలే. మావయ్యకి మళ్ళీ సూర్యుడు ఇటుక రంగులో కనపడటం మొదలైంది.

ఇంత దాచిన సంగతి ఇలా రాసేస్తున్నావేం అంటారా? దాచాల్సినావిడే బయటపెట్టింది కాబట్టి.

మరుసటి ఏడు క్రిస్మస్ టీకి గణేశ్వరరావుగారు ఛాతీ విరుచుకుని వచ్చారు. ఆయనకి షుగరు ఉందని ఆసుపత్రిలో తేలింది. ఈసారి షర్బత్ కాదు, నిజంగానే. కానీ దోమతెర దించుకోలేదు. డాక్టరమ్మ ఆయనతో ఎంతసేపు మాట్లాడిందో, కలకత్తాలో ఎంత పెద్దవాళ్ళకి ఈ జబ్బు ఉంటుందో చెబుతూ, బొప్పాయి ముక్క ఊపుతూ, "ఈ వీధిలో మొదటివాణ్ణి నేనే" అన్నారు.

ఎరుకమ్మ పిన్ని కాసేపు ఓర్చుకుంది. తరువాత ఓర్చుకోలేకపోయింది.

"అరే ఛోడో ఓవర్సీరు బాబూ! నీకంటే ఎన్నో ఏళ్ళ ముందు నాకొచ్చింది."

పిన్ని నాలుక కరుచుకుంది. ఆవిడ ఎదురుగా బల్ల మీద ఆవిడ చేసుకొచ్చిన కాజాల పళ్ళెం ఉంది. అందరూ ఆ పళ్ళెం వైపే చూస్తున్నారు. పిన్ని మొహం పాలిపోయింది.

గవరయ్య చెయ్యి చాచాడు. "అయితే ఆ పళ్ళెం ఇటు తొయ్యి దీదీ. నువ్వెలాగా తినకూడదు కదా."

పళ్ళెం నిమిషంలో ఖాళీ అయింది. పిన్ని తిడుతూ, ఏడుస్తూ, నవ్వుతూ సంగతంతా చెప్పేసింది, కళ్ళద్దాలతో సహా. ఎలీసబెత్తమ్మ మొగుడి వైపు చూసిన చూపు మల్లెపూలు అందుకున్నప్పటి చూపులా ఉంది. మావయ్య మొహం దాచుకోడానికి టీకప్పు చాలలేదు.

అయితే గణేశ్వరరావుగారు ఓవర్సీరు. ఆయన బుర్ర అంతటితో ఆగదు.

"అంటే ఆ పరీక్షంతా ఎరుకమ్మ కోసమేనా? మరి మా సీసాలు?"

మావయ్య గొణిగాడు. "నీలిమందు ఓడలో రావాలి సార్. అందరికీ ఎక్కడ సరిపోద్ది?"

"అంటే మాది చూడనే లేదా? ఇన్నేళ్ళూ మా సీసాలన్నీ ఏం చేశావు?"

మావయ్య కళ్ళు తెలియకుండానే పెరటివైపు తిరిగాయి. ఓడ స్తంభం లాంటి ఆ బొప్పాయి చెట్టు, నిండుగా కాయలతో, గాలికి తలూపుతోంది.

వరండాలో ప్రతివాడి చేతిలోనూ ఒక ముక్క ఉంది. గణేశ్వరరావుగారి నోట్లో ఉంది.

"నీళ్ళు బాగా కలిపే పోశాను" అన్నాడు మావయ్య.

ఎవరూ నమలడం లేదు. నేనయితే మింగాలా ఉమ్మాలా తేల్చుకోలేక ఉన్నాను. అందరిలోకీ ముసలిది గవరమ్మ మాత్రం తన ముక్కని తాపీగా తినేసి, తొక్క పక్కన పెట్టి, వేళ్ళు నాక్కుంది.

"ఒరే యిర్మియా, ఈ పండు ఇంత తీపుందంటే మాలో ఇంకెవడికో షుగరున్నట్టే. ఈసారి కలకత్తా ఓడలో మందు ఎక్కువ తెప్పించు."

ఆ తరువాతి ఆదివారం ఎవరూ అడక్కుండానే పిట్టగోడ నిండింది. అన్నీ కడిగిన సీసాలు.